సొంతంగా కట్టుకున్న క్యాంపింగ్ ట్రైలర్‌కి తక్కువ ఖర్చులో కిటికీలు: నా అనుభవం

మొత్తం 282 డాలర్లు, మూడు కిటికీలు. డల్లాస్ శివార్లలో మా గరాజ్‌లో ఫిబ్రవరి మొదటి వారంలో మొదలుపెట్టిన పని ఏప్రిల్ మూడో వారానికి తెమిలింది. అందులో రంపం పట్టిన సమయం కొంచెమే. ఎపాక్సీ (చెక్కలోకి నీళ్లు దిగకుండా పూసే జిగురు పూత) ఆరాలి, బ్యూటైల్ టేపు (అంచుల్లో నీళ్లు రాకుండా పెట్టే జిగురు రబ్బరు పట్టీ) సర్దుకోవాలి, పాత సామాన్ల యార్డులో సరైన సైజు దొరకాలి. కాలమంతా వీటికే పోయింది. ఇక్కడ ట్రైలర్ కట్టుకుందామని దిగిన మనవాళ్లు కొందరు కిటికీల దాకా వచ్చి, కొత్తవాటి ధరలు చూసి పని ఆపేస్తున్నారు. వాళ్లకు పనికొస్తుందని కొలతలతో సహా రాస్తున్నాను.

హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల దుకాణంలో దొరికే 4×8 అడుగుల మడత ట్రైలర్ చట్రం మీద కట్టిన పెట్టె ఇది. వెడల్పు 5 అడుగులు, పొడవు 8, ఎత్తు 4. గోడలో లోపలివైపు 1/8 అంగుళం ప్లై, మధ్యలో 3/4 అంగుళం పైన్ చట్రం, ఆ చట్రం సందుల్లో ఫోమ్, బయట 1/4 అంగుళం ప్లై. అన్నీ కలిపి మందం 1-1/8 అంగుళాలు. మీ గోడ మందం ఎంతో కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. పాత కిటికీ బేరమాడేటప్పుడు ధర కంటే ముందు అడగాల్సింది అదే.

ఏ కిటికీ ఎక్కడ అన్నది ముందే తేల్చుకున్నాను. కుడివైపు తలుపులో ఒక స్లైడర్, అంటే అద్దం పక్కకు జరిగే కిటికీ. ముందు గోడలో వెలుతురు కోసం తెరుచుకోని చిన్న కిటికీ. ఎడమవైపు పైకి తెరుచుకునే పెద్ద రెక్క. ఈ మూడోది గాలి కోసమే కాదు. నా ట్రైలర్‌కి తలుపు ఒక్కటే. నిద్రలో ఉండగా వంట వైపు మంట లేస్తేనో, తలుపు బిగుసుకుపోతేనో మనిషి దూరి బయటపడే దారి ఇంకొకటి ఉండాలి. ఆర్‌వీల (లోపల పడుకునే వీలున్న ప్రయాణ బండ్ల) భద్రతా ప్రమాణం అడిగే కనీస కొలత 24 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల ఎత్తు. ఇంట్లో కట్టుకున్న బండికి ఆ లెక్క ఎవరూ వచ్చి చూడరు, అయినా నేను అదే పెట్టాను. ఆ సైజులో ఎమర్జెన్సీ కిటికీ కొత్తది కొంటే బడ్జెట్ మొత్తం దానికే పోతుంది.

ఏది కొనాలి, ఏది చేసుకోవాలి అన్నదాంట్లో నా తీర్పు ఇది: పక్కకు జరిగే కిటికీ కొనుక్కోండి, మిగతావి చేసుకోండి. యు ఆకారపు పట్టాల్లో రెండు యాక్రిలిక్ (అద్దంలాంటి ప్లాస్టిక్) పలకలు జరిపే పద్ధతి ఇరవై డాలర్లలో అయిపోతుంది, చూడ్డానికీ బాగుంటుంది. కానీ కింది పట్టాలో నీళ్లు నిలుస్తాయి, బండి వేగంగా వెళ్తుంటే గాలి ఆ నీళ్లను లోపలికే తోస్తుంది. పట్టాలో పడ్డ ఇసుక పలకను గీరేస్తుంది. ఫ్యాక్టరీ స్లైడర్‌లో ఆ పట్టాకి వాలు ఉంటుంది, నీళ్లు బయటికి పోయే చిల్లులుంటాయి, అద్దం అంచున బొచ్చు పట్టీ ఉంటుంది. వాటిని ఇంట్లో చేయబోతే మిగిలే డబ్బు తక్కువ, పట్టే ఓపిక ఎక్కువ. తోటలో పెట్టుకునే షెడ్ల కిటికీలు కొత్తవే చవగ్గా వస్తాయి కదా అనిపిస్తుంది. వాటి అద్దం చాలావాటిలో టెంపర్డ్ (పగిలినా మొనల్లేని చిన్న ముక్కలయ్యే రకం) కాదు, పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. పైగా అవి కదలని గోడకి చేసినవి. హైవే కుదుపుకి వాటి మూలలు వదులవుతాయి.

స్లైడర్ కోసం పాత ఆర్‌వీలు విప్పి అమ్మే యార్డుకి వెళ్లాను. ఫోన్‌లో ఏ సైజులున్నాయో చెప్పరు, వచ్చి చూసుకోమంటారు. నాకు కావాల్సింది 24×15 అంగుళాల కంతలో పట్టేది. అది రావడానికి మూడు వారాలు ఆగాల్సి వచ్చింది, 45 డాలర్లకి దొరికింది. ఈ ఆగడం వల్ల ఒక లాభం ఉంది: కిటికీ చేతికొచ్చాకే కంత కొయ్యాలి. సైజు ఊహించుకుని ముందే కోసి పెట్టుకుంటే ఆ సైజు కిటికీ ఎప్పటికీ రాకపోవచ్చు.

యార్డులో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆర్‌వీ కిటికీ సైజు అంటే గోడలో కోసే కంత సైజు, బయటి అంచు సైజు కాదు. అంచు చుట్టూ ఇంకా ముప్పావు అంగుళం దాకా బయటికి ఉంటుంది. లోపలి రింగు కిటికీతోపాటే ఉందా చూడండి. బయటి చట్రం, లోపలి రింగు గోడను రెండువైపులా పట్టుకుని నొక్కితేనే కిటికీ నిలుస్తుంది. గోడలోకి స్క్రూలు పడవు. రింగు లేని కిటికీని పది డాలర్లకి ఇస్తామంటారు, తీసుకోకండి. ఆ రింగు ఎంత మందం గోడను పట్టగలదో కొలవండి. నాది అంగుళం నుంచి అంగుళంన్నర వరకూ పడుతుంది కాబట్టి సరిపోయింది. గోడ సన్నగా ఉంటే లోపలివైపు చెక్క పట్టీ అతికించి మందం పెంచొచ్చు, మందంగా ఉన్న గోడను మాత్రం ఏమీ చేయలేం. అద్దం మూలలో టెంపర్డ్ అన్న చెక్కుడు ముద్ర ఉండాలి. మూలల వంపును ఏదైనా గుండ్రటి మూతతో సరిపోల్చి చూడండి. నాదాని వంపు వ్యాసార్ధం అంగుళంన్నర, అంటే మూడంగుళాల హోల్ సాతో (గుండ్రటి చిల్లు కోసే రంపం) సరిగ్గా వస్తుంది. దోమతెర చిరిగి ఉన్నా పర్లేదు, బేరానికి అదొక సాకు.

ఈలోగా గోడ చట్రం పని. ఫోమ్‌ను నమ్మి కిటికీ బిగించకూడదు. రింగు స్క్రూలు బిగిస్తుంటే ఫోమ్ నలిగి గోడ లోపలికి కుంగుతుంది, ఆ కుంగిన చోటే నీళ్లు దిగుతాయి. కంత చుట్టూ నాలుగువైపులా చెక్క ఉండాలి. స్లైడర్‌కి 1×2 పైన్ చాలు, దాని అసలు వెడల్పు అంగుళంన్నర. చేతితో చేసుకునే కిటికీకి మాత్రం 1×3 కావాలి, అసలు వెడల్పు రెండున్నర. లెక్క చూడండి: పలక కంత అంచు మీద అంగుళం ఎక్కి కూర్చుంటుంది, పక్కన 1/8 సందు, ఆ తర్వాత 5/8 పట్టీ నడుమ స్క్రూ. అంటే కంత అంచు నుంచి స్క్రూ దాదాపు అంగుళంన్నర దూరంలో పడుతుంది. 1×2 వేసి ఉంటే ఆ స్క్రూ సరిగ్గా చెక్క అంచు మీద పడి దాన్ని చీల్చేది. చట్రానికి, లోపలి అంచు పట్టీలకి కలిపి చెక్క 24 డాలర్లు.

రంగేసి ముగించిన గోడకి రంపం పెట్టేటప్పుడు చెయ్యి వణుకుతుంది. అంతకు ముందు మూడు నెలలు కట్టినదాన్ని మన చేత్తోనే కోస్తున్నాం మరి. ఆ భయాన్ని తగ్గించేది అట్టముక్క ఒక్కటే. కిటికీని అట్ట మీద పెట్టి గీసి, కోసి, ఆ అట్ట కంతలో కిటికీ నిజంగా పడుతుందో చూసుకుని, అప్పుడు అదే అట్టను గోడకి అతికించి గీత గీయాలి. కిటికీ చుట్టూ 1/16 నుంచి 1/8 అంగుళం ఖాళీ ఉండాలి. నాలుగు మూలల్లో హోల్ సా, మధ్య గీతలకి జిగ్‌సా (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే చేతి రంపం మిషను). జిగ్‌సా పళ్లు పైకి కోస్తాయి కాబట్టి పై ప్లై పొర చిట్లుతుంది. గీత మీద మాస్కింగ్ టేపు వేసి, కిందికి కోసే పళ్లున్న బ్లేడు పెడితే అంచు శుభ్రంగా వస్తుంది. గోడ లోపల వైరు పోయిన చోట కోయకుండా చూసుకోవడం మీకు చెప్పక్కర్లేదు.

కోసిన అంచులకి ఎపాక్సీ పూయడం చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఏ కిటికీ అయినా ఏదో ఒకనాడు కారుతుంది. అప్పుడు ఆ నీళ్లు తాకేది ప్లైవుడ్ కోత అంచునే, అది స్పాంజిలా పీల్చి పొరలు విడిపోతుంది. పల్చటి ఎపాక్సీ బ్రష్‌తో రెండు పూతలు, రెండో పూతకి ముందు 220 నంబరు గరుకు కాగితంతో ఒక రుద్దుడు. చలి ఉంటే ఎపాక్సీ తొందరగా గట్టిపడదు. ఫిబ్రవరి రాత్రుళ్లు గరాజ్ బాగా చల్లగా ఉండేది, ఒక్కో పూతకి రెండు రోజులు పట్టింది. చిన్న సీసాల జత 25 డాలర్లు, మూడు కంతలకీ చాలింది.

స్లైడర్ బిగించడం గంట పని. బయటి అంచు లోపలివైపు అంగుళం వెడల్పు, 1/8 అంగుళం మందం బ్యూటైల్ టేపు చుట్టూ అంటించాలి. టేపు కొసలు కలిసే చోటు పైభాగంలో కాకుండా పక్కన, కింది సగంలో ఉండాలి. లోపల ఒకరు, బయట ఒకరు ఉంటే మంచిది. బయటివాళ్లు కిటికీని అరచేతులతో నొక్కి పట్టుకోవాలి. లోపలి రింగు స్క్రూలు కారు టైరు నట్ల లాగే ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించాలి. డ్రిల్ వద్దు, చేతి స్క్రూడ్రైవరే. బ్యూటైల్ చుట్టూ సమానంగా బయటికి పొంగడం కనిపించగానే ఆపేయాలి. ఇంకా బిగిస్తే టేపంతా బయటికి వచ్చేసి లోహం చెక్కకి తగులుతుంది, అప్పుడు అది సీలు కాదు. పొంగిన టేపును అదే రోజు కోయకండి. ఎండ తగిలి మెత్తబడి ఇంకొంచెం బయటికి వస్తుంది. వారం ఆగి, ఒక ఎండపూట స్క్రూలు మళ్లీ పావు చుట్టు తిప్పి, అప్పుడు ప్లాస్టిక్ కత్తితో కోశాను.

సిలికాన్ ఎక్కడా వాడలేదు. హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరికే సిలికాన్ వెనిగర్ వాసన వేస్తుంది. ఆ ఆమ్లం నేను మిగతా రెండు కిటికీలకి వాడిన పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌కి పడదు, ఉక్కు స్క్రూలకీ పడదు. అంతకంటే పెద్ద సమస్య, ఒకసారి సిలికాన్ తగిలిన చోట ఆ తర్వాత బ్యూటైల్ గానీ రంగు గానీ అంటదు. ఐదేళ్ల తర్వాత కిటికీ విప్పి మళ్లీ పెట్టాల్సినప్పుడు తెలుస్తుంది దాని సంగతి.

ఇక ప్లాస్టిక్. మార్చి మొదటి వారంలో ప్లాస్టిక్ షీట్లు అమ్మే టోకు దుకాణానికి వెళ్లి తుక్కు ముక్కల పెట్టె అడిగాను. పెద్ద షీట్లు కోయగా మిగిలిన ముక్కల్ని తూకానికి అమ్ముతారు. 30×42 అంగుళాల పావు అంగుళం పాలీకార్బొనేట్ 40 డాలర్లకి వచ్చింది. ఒక్క ముక్కలో ముందు కిటికీ, పక్క రెక్క రెండూ వచ్చి, చివర పరీక్షలకి పట్టీ కూడా మిగిలింది. అదే హార్డ్‌వేర్ షాపుల్లో అయితే కొత్త షీటుకి రెండింతలకు పైనే పెట్టాలి. దుకాణంలో లేబుల్ చూసి ఎండ తట్టుకునే పూత ఏ వైపు ఉందో ముక్క మీద మార్కర్‌తో రాయించుకోండి. కొన్ని షీట్లకి ఆ పూత ఒకవైపే ఉంటుంది, ఆ వైపు బయటికి రావాలి. తిరగేసి పెడితే కొన్నేళ్లకి పసుపు తిరుగుతుంది.

యాక్రిలిక్ ఎందుకు వాడలేదు? నిజానికి దానికి గీతలు తక్కువ పడతాయి, పడ్డా పాలిష్ చేయొచ్చు, ధర కూడా తక్కువ. తెరుచుకోని పక్క కిటికీకి అదే మేలు. కానీ ముందు గోడకి లాగే కారు చక్రాల నుంచి రాళ్లు తగులుతాయి. మార్చి నుంచి మే దాకా ఉత్తర టెక్సస్‌లో వడగళ్లు ఎలా పడతాయో ఇక్కడున్నవాళ్లకి తెలుసు. పక్క రెక్కకేమో బోల్టు చిల్లులు వెయ్యాలి, యాక్రిలిక్ చిల్లు దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. అందుకే రెండూ పాలీకార్బొనేట్. దీనికి గీతలు తొందరగా పడతాయి, అది భరించాల్సిందే. అమోనియా ఉన్న అద్దాల స్ప్రే, ఎసిటోన్ దీని దగ్గరకి రానివ్వకూడదు. సబ్బునీళ్లు, మెత్తటి బట్ట చాలు.

కోతకి సర్క్యులర్ రంపంలో 60 పళ్ల కార్బైడ్ బ్లేడు. రక్షణ పొర తీయకుండానే కోయాలి. నిదానంగా తోస్తే రాపిడికి ప్లాస్టిక్ కరిగి వెనక అతుక్కుంటుంది, తొందరపడితే అంచు పెచ్చులూడుతుంది. మిగిలిన ముక్క మీద రెండు గీతలు కోసి చూస్తే ఆ వేగం చేతికి తెలిసిపోతుంది. తర్వాత అంచుల్ని 120, 220, 400 నంబర్ల కాగితాలతో వరసగా రుద్దాలి. ఆ రక్షణ పొరను అంచు వెంట రెండు అంగుళాలే వెనక్కి ఒలిచి, పని అంతా అయ్యాక మిగతాది తీయాలి. అలాగని బండిని ఆ పొరతోనే వారాల తరబడి ఎండలో ఉంచొద్దు, అతుక్కుపోయి ఊడదు.

ఇప్పుడు ఎండ లెక్క. మన ఊళ్లలో చెక్క కిటికీ తలుపులు వానాకాలం బిగుసుకుపోయినట్టు, ఈ ప్లాస్టిక్ ఎండకి సాగుతుంది. 28 అంగుళాల పలక 20 డిగ్రీల ఫారెన్‌హీట్ చలి నుంచి 130 డిగ్రీల ఎండలోకి వస్తే దాదాపు 1/8 అంగుళం పెరుగుతుంది. అందుకని పలకను ఎక్కడా గట్టిగా కట్టెయ్యకూడదు. స్క్రూ సైజు చిల్లు వేసి బిగిస్తే మొదటి వేసవికే అలలు తేలుతుంది, రెండో వేసవికి చిల్లు దగ్గర చీలుతుంది.

ముందు కిటికీలో అసలు పలకకి చిల్లులే లేకుండా చేశాను. కంత 18×10, పలక 20×12. కంత చుట్టూ బ్యూటైల్, దాని మీద పలక. పలక చుట్టూ 1/8 అంగుళం ఖాళీ వదిలి, పలక మందానికి సమానమైన పావు అంగుళం పివిసి పట్టీ, 5/8 వెడల్పుకి కోసింది. ఈ రెండింటినీ కప్పుతూ అంగుళంపావు వెడల్పు, 1/8 మందం అల్యూమినియం బద్దీ. అది పలక అంచు మీద అర అంగుళం ఎక్కుతుంది, కింద మళ్లీ బ్యూటైల్. స్క్రూలు బద్దీలోంచి పివిసిలోకి, అక్కణ్నుంచి గోడ చెక్కలోకి దిగుతాయి. పలక మధ్యలో ఇటూ అటూ కదలడానికి స్వేచ్ఛగా ఉంటుంది. బద్దీల బయటి కొలత 21-1/2 × 13-1/2, చుట్టుకొలత 70 అంగుళాలు. ఆరడుగుల బద్దీ 19 డాలర్లు, రంపం తినేది కూడా పోను అందులోనే సరిపోయింది. కానీ 45 డిగ్రీల మూలల్లో ఒక్క కోత తప్పినా ఇంకో బద్దీ కొనాలి, కాబట్టి మూలల్ని ముందు చెక్క పట్టీ మీద కోసి చూసుకోండి. స్క్రూలు 8 నంబరు, అంగుళంపావు పొడవు, స్టెయిన్‌లెస్, మూడంగుళాలకొకటి చొప్పున 24. అంతకంటే పొడుగువి వేస్తే లోపలి ప్లైలోంచి మొనలు బయటికొస్తాయి.

ఎడమవైపు రెక్కకే ఎక్కువ బుర్ర పెట్టాల్సి వచ్చింది. కంత 24-1/2 × 17-1/2 కోసి, లోపల పావు అంగుళం చెక్కతో చుట్టూ అంచు కట్టాను, ఖాళీ దారి 24×17 మిగిలింది. ఆ అంచు గోడ బయటికి పావు అంగుళం పొడుచుకు రావాలి. సీలు దాటి నీళ్లొచ్చినా ఆ చిన్న గట్టు దగ్గర ఆగి కిందికి జారిపోతాయి. పడవల మూతలకి చేసేదీ ఇదే. పలక 28×21, చుట్టూ గోడ మీదికి పొడుచుకుని ఉంటుంది. సీలు కోసం అర అంగుళం ఎత్తున్న డి ఆకారపు ఈపీడీఎం (ఎండావానల్ని తట్టుకునే రకం) రబ్బరు, 14 డాలర్లు. మూసినప్పుడు అది 3/8కి నలగాలి. అంతకంటే ఎక్కువ నలిపితే గడియలు మూయడానికి బలం చాలదు, పలక మధ్యలో ఉబ్బుతుంది.

పై అంచుకి పొడవాటి పియానో హింజ్ (అంచు పొడవునా ఉండే సన్నటి కీలు), అల్యూమినియంది, 16 డాలర్లు. దాని ఒక రెక్క పలక మీద, ఇంకో రెక్క గోడ మీద ఉన్న దిమ్మ మీద. ఆ దిమ్మ మందంలోనే ఉంది కిటుకంతా. నలిగిన సీలు 3/8, పలక 1/4, కలిపితే 5/8. షాపులో దొరికేది 3/4 చెక్క. అది పెడితే పైభాగంలో సీలుకి మిగిలేది అర అంగుళం, అంటే సీలు నలగనే నలగదు, పై నుంచి వాన నేరుగా లోపలికి వస్తుంది. 3/8 ప్లై, 1/4 పివిసి కలిపి అతికించి దిమ్మ చేశాను. హింజ్ మీద నుంచి రబ్బరు పట్టీ ఒకటి చూరులా వేలాడదీశాను, చేపల తొట్టి లైనర్ తయారుచేసినవాళ్ల దగ్గర మిగిలిన ముక్క, ఉచితం.

పలకకి బోల్టు చిల్లులు వేయడానికి స్టెప్ బిట్ (మెట్లుమెట్లుగా లావెక్కే డ్రిల్ మొన) వాడండి, కింద చెక్క ముక్క పెట్టండి. 10 నంబరు బోల్టుకి పావు అంగుళం చిల్లు, రెండువైపులా రబ్బరు, దాని మీద వెడల్పు వాషర్, నైలాన్ ఉన్న నట్టు. నట్టు వదులవకుండా పోసే ఎర్ర, నీలం ద్రవాలు వద్దు. అవి తగిలిన చోట పాలీకార్బొనేట్ నెర్రెలు విచ్చుతుంది. మిగిలిన పట్టీ ముక్కని కొంచెం వంచి పట్టుకుని ఆ ద్రవం ఒక చుక్క వేసి చూడండి, మీకే తెలుస్తుంది.

గడియలు రెండు, కింది రెండు మూలల్లో, లాగి బిగించే రకం, జత 13 డాలర్లు. మధ్యలో ఒక్కటే పెడితే మూలలు హైవే మీద లేచి కొట్టుకుంటాయి. లోపల్నుంచి చీకట్లో, ఏ పనిముట్టూ లేకుండా తెరవగలగాలి, కాబట్టి తాళం లాంటిదేమీ పెట్టలేదు. తెరిచి నిలబెట్టడానికి, ఎక్కడ వదిలితే అక్కడ ఆగే రెండు రాపిడి ఊతలు, 18 డాలర్లు. గ్యాస్ స్ట్రట్లు (కారు డిక్కీ మూతను పైకి లేపే కడ్డీల్లాంటివి) పెట్టొద్దని నా సలహా. అవి మూసి ఉన్నప్పుడు కూడా పలకను బయటికి తోస్తూనే ఉంటాయి, ఆ ఒత్తిడికి పలక మెల్లగా వంగిపోవచ్చు.

దోమతెర దగ్గర ఒక చిక్కుంది. పైకి తెరిచే కిటికీకి తెర లోపలివైపే పెట్టాలి, గడియలూ లోపలే. అందుకని తెర చుట్టూ వెల్క్రో కుట్టాను. కింది మూల పట్టి లాగితే మొత్తం ఊడొస్తుంది, తప్పించుకునే దారికి అడ్డం కాదు. మామూలు కిటికీ మెష్‌లోంచి చెరువు ఒడ్డు నుసమలు దూరతాయి. అంగుళానికి 20×20 కన్నులుండే సన్నటి మెష్ తీసుకోండి. గాలి కొంచెం తగ్గుతుంది, నిద్ర పడుతుంది. స్లైడర్ తెర మార్చడంతో కలిపి మెష్, దాన్ని చట్రంలో బిగించే రబ్బరు తాడు 12 డాలర్లు.

ఏప్రిల్ మొదటి వారంలో పరీక్షలు. పైకప్పు వెంట్‌కి టేపు వేసి, తలుపు సందులోంచి ఆకులు ఊదే బ్లోయర్ లోపలికి పెట్టి, చుట్టూ అట్టతో మూసి ఊదించాను. బయట కిటికీ అంచుల వెంట సబ్బునీళ్లు చల్లితే గాలి వచ్చే చోట బుడగలు లేస్తాయి. రెక్క సీలు కింది అతుకు దగ్గర బుడగలు లేచాయి. రబ్బరు కొసలు ఏటవాలుగా కోసి సూపర్‌గ్లూతో కలిపితే ఆగాయి. అతుకు కింది అంచులో ఉండటం మంచిదైంది, పైన ఉండుంటే అది నీళ్లదారి. తర్వాత గొట్టంతో నీళ్లు, కింది నుంచి పైకి, ఒక్కో ఎత్తు దగ్గర ఐదు నిమిషాలు. పై నుంచి మొదలుపెడితే ఎక్కడ కారుతోందో తెలియదు, అన్నీ ఒకేసారి తడుస్తాయి.

కానీ అసలు పరీక్ష గొట్టంతో కాదు. ఏప్రిల్ మూడో వారంలో 75 నంబరు హైవే మీద డెనిసన్ వైపు, టెక్సోమా చెరువు దగ్గరి ఐసెన్‌హోవర్ స్టేట్ పార్క్‌కి వెళ్తుంటే వాన పట్టుకుంది. 65 మైళ్ల వేగంలో ముందు గోడ మీద నీళ్లు కిందికి కాదు, పైకి పాకుతాయి. తెరుచుకోని కిటికీకి కింది అంచు సీలు చేయకుండా వదిలితే నీళ్లు బయటికి పోతాయని కొందరు చెప్తారు. ముందు గోడకి మాత్రం ఆ మాట వినొద్దు, నాలుగువైపులా మూయాల్సిందే. పార్క్‌కి చేరాక చూస్తే ముందు కిటికీ, రెక్క పొడిగా ఉన్నాయి. స్లైడర్ కింది పట్టాలో చెంచాడు నీళ్లు. బయటి చిల్లుల్లో ఒకటి పాత మట్టితో పూడి ఉంది, పుల్లతో పొడిస్తే పోయింది. పాత కిటికీ కొన్నరోజే ఆ చిల్లులన్నిట్లో నీళ్లు పోసి చూసుకోండి.

పొద్దున లేచేసరికి అన్నిటికంటే తడిగా ఉన్నది స్లైడర్ అల్యూమినియం చట్రం, తర్వాత దాని అద్దం, చివరికి పాలీకార్బొనేట్. ఇద్దరి ఊపిరి తేమ చల్లటి లోహం మీదే ముందు చేరుతుంది. రెండో రాత్రి స్లైడర్ అర అంగుళం, పైకప్పు వెంట్ కాస్త తెరిచి పడుకుంటే చాలావరకు తగ్గింది. రెండు పలకల మధ్య గాలి వదిలి డబుల్ కిటికీ చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట: ఇంట్లో ఆ ఖాళీని పూర్తిగా మూయలేం, లోపల తేమ చేరి పొగమంచు పడుతుంది, తుడవడానికి చెయ్యి పోదు. దానికంటే రేకు పూసిన బుడగల షీటుని కంత కంటే అర అంగుళం పెద్దగా కోసి రాత్రిపూట నొక్కి పెట్టుకోవడం నయం.

మిగిలిన ఖర్చు: బ్యూటైల్ రెండు చుట్టలు 28, స్టెయిన్‌లెస్ స్క్రూలు, బోల్టులు, వాషర్లు 21, పివిసి పట్టీ 7. ఈ లెక్కలన్నిట్లో 8.25 శాతం అమ్మకపు పన్ను కలిసే ఉంది. స్క్రూలకి అంత పోతుందని అనుకోలేదు, చిన్న పొట్లాల్లో కొంటే అలాగే ఉంటుంది; మొదట్లోనే అన్నీ లెక్కేసుకుని ఒక పెద్ద డబ్బా తీసుకుంటే సగం మిగులుతుంది.

వేసవి మొదలయ్యాక, మధ్యాహ్నం వంద డిగ్రీలు దాటిన రోజు ముందు కిటికీ బద్దీల కింద బ్యూటైల్ ఇంకోసారి పొంగింది. సాయంత్రం చల్లబడ్డాక స్క్రూలు చూసుకుని, ఎనిమిదో వంతు చుట్టు తిప్పి, పొంగింది కోసేశాను. కోసిన టేపు ముద్దని పారేయకుండా డబ్బాలో పెట్టాను, టెయిల్ లైట్ వైరు గోడలోకి దూరే చిల్లుకి అదే పెట్టాలి.